కోనసీమలో కొండలెక్కడివిరా, చిన్నా?

చిన్నా,

నువ్వు పంపిన స్కెచ్చు చూశాను. ముందు ఫోన్లో చూశాను. కంటికి సరిగ్గా ఆనక, పక్కింటి కుర్రాణ్ణి బతిమాలి వాడి లాప్‌టాప్‌లో పెద్దది చేయించుకుని మళ్ళీ చూశాను. నీ గీతలో బెరుకు పోయిందిరా. కొబ్బరాకు గీసినా కంచె గీసినా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచి నీకు పడేవన్నీ అక్షింతలే.

హైదరాబాదులో ఎవరో కొత్తిల్లు కట్టుకున్నారు, హాలు గోడకి ఆరడుగుల కాన్వాసు మీద 'కోనసీమ పల్లెటూరి సీనరీ' కావాలన్నారు, నువ్వు సరేనన్నావు. మంచిపని చేశావు. ఆర్డరు మీద వేసే బొమ్మ తక్కువరకం అని మీ కాలేజీలో ఎవరైనా అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్. లేపాక్షి గుడి కప్పు మీద వేసినవాళ్ళు మాత్రం ఎవరో అడక్కుండా వేశారా? సగం డబ్బు ముందే పుచ్చుకో. మొహమాటపడకు, మీ నాన్న పోలికలు నీకు రానక్కర్లేదు.

ఇక బొమ్మ సంగతికొస్తాను. రెండు కొండలు. వాటి మధ్యలోంచి తొంగిచూస్తున్న సూర్యుడు. అక్కడే పుట్టి మెలికలు తిరుగుతూ మన కాళ్ళదాకా వచ్చిన ఏరు. ఏటి ఒడ్డున ఒక గుడిసె, గుడిసె పక్కన ఒంటి కొబ్బరిచెట్టు, గిలకబావి, బిందె చంకనెట్టుకున్న ఆడమనిషి, ఆకాశంలో నాలుగు పిట్టలు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నేను దిద్దిన బొమ్మే ఇది. ఆరో తరగతి పిల్లలకి కాగితమిచ్చి 'మీ ఊరు గీయండర్రా' అంటే, కిటికీలోంచి చూస్తే కొబ్బరితోటలు తప్ప ఇంకేం కనపడని బళ్ళో కూర్చుని, అందరూ కొండలే గీసేవారు. అన్న నోటుపుస్తకంలోంచి చెల్లెలు, చెల్లెలి దగ్గర్నుంచి పక్కింటి పిల్ల దింపుకుంటూ పోయిన బొమ్మ. ఎదురుగా నిలబడి చూసి గీసినవాడు ఆ వరసలో ఒక్కడూ ఉండడు.

పిల్లలు గీస్తే ముచ్చటే. కాలేజీలో బొమ్మలు చదువుకుంటున్నవాడివి, డబ్బు పుచ్చుకుని నువ్వు గీస్తే ఊరుకోను. గౌతమికీ వసిష్ఠకీ మధ్య గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునేల మనది. పాపికొండలు రాజమండ్రికి ఎంత ఎగువనున్నాయో నీకు తెలియదా? మన దగ్గర ఆకాశం అంచున కనిపించేది కొబ్బరితోటల తలలే. అదీ దగ్గర తోట ముదురు పచ్చ, దాని వెనకది నీలం కలిసిన పచ్చ, ఆ వెనకది పాలు కలిపినట్టు బూడిద రంగు. ఆ మూడు పొరలు వేసి చూడు, కొండల అవసరమే ఉండదు. కొండలు చూసినవాళ్ళు కొండలు వేశారు, కాదనను. గుంటూరు జిల్లా తుమ్మపూడి సంజీవదేవ్ గారు కులూ లోయలో నికొలాస్ రోరిక్ దగ్గర గడిపి వచ్చిన మనిషి, హిమాలయాల్ని కళ్ళారా చూశారు కాబట్టి ఆయన కుంచెలో అవి దిగాయి. నువ్వు చూసింది కాలవగట్లే కదరా.

ఈమధ్య కంప్యూటర్ని అడిగినా పల్లెటూరి బొమ్మ గీసిస్తోందట. పక్కింటి కుర్రాడు గీయించి చూపించాడు. అదే గుడిసె, అవే కొండలు, నీ దాంట్లో లేని నెమలి ఒకటి అదనం. అది క్షణంలో ఊరికే ఇచ్చేదాన్ని నువ్వూ వేస్తే ఆ కొత్తింటాయన నీకు డబ్బెందుకివ్వాలి?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీ బొమ్మలో ఊరికి చిరునామా ఉండాలి. అది ఏ నేల, ఏ నెల, ఏ పూట, నువ్వు ఏ దిక్కుకి తిరిగి నిలబడ్డావు అన్నది బొమ్మే చెప్పాలి. ఊరి పేరు కింద రాయనక్కర్లేదు. ఆ ఊరివాడు చూస్తే 'ఇది మా రేవేనే!' అని భార్యని కేకేసి పిలవాలి.

అందుకని ముందు ఆయనకి ఫోను చెయ్. 'అయ్యా, మీదే ఊరు?' అని అడుగు. నువ్వు అడగలేదని నాకు తెలుసు, అడిగుంటే స్కెచ్చు ఇలా వచ్చేది కాదు. కోనసీమవారే అయితే, మీ ఇల్లు కాలవకి ఏ పక్క, రేవులో ఏ చెట్టుండేది, బడికి ఏ గట్టు మీదుగా నడిచేవారు అని అడుగు. సొంతూరి గురించి అడిగితే ఏ మనిషీ ఫోను పెట్టెయ్యడు, నువ్వే విసుక్కోకుండా విను. చేతిలో పెన్సిలు ఉంచుకో. ఆయన చెప్పే దాంట్లో సగం బొమ్మకి పనికిరాదు, మిగతా సగం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఒకవేళ ఆయనది ఏ వరంగల్లో, ఏ అనంతపురమో అయి, సినిమాల్లో చూసి కోనసీమ అడుగుతుంటే మటుకు నెమ్మదిగా చెప్పి చూడు, 'మీ ఊరే వేస్తానండీ' అని. వరంగల్ వైపు ఊరికి చెరువే దిక్కు. రామప్ప, పాకాల, లక్నవరం కాకతీయుల నాటివి, ఇంకా పొలాలకి నీళ్ళిస్తున్నాయి. అలాంటి ఊళ్ళో గీయాల్సింది కట్ట, తూము, మత్తడి, కట్టమీద ఈతచెట్లు, తాళ్ళు, దిగువన వరి, పైన ఎర్రటి చల్కనేల, దూరంగా ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు నిలబడ్డ రాతిగుండ్లు. ఆ దక్కను బండల్నే కొండపల్లి శేషగిరిరావు గారు ఎంత ఇష్టంగా వేశారో వెతికి చూడు. 1924లో పుట్టి 2012లో పోయారు, శాంతినికేతన్‌లో నందలాల్ బోసు దగ్గర నేర్చుకున్నవారు. నేర్చుకోవడానికి బెంగాలు వెళ్ళినా వచ్చి వేసింది మాత్రం తన గడపలో ఉన్న రాళ్ళని.

ఇల్లు కూడా అంతే. కప్పు చూస్తే అక్కడ వానెంతో చెప్పొచ్చు. అనంతపురం, కర్నూలు వైపు వాన తక్కువ, అందుకని పాతిళ్ళు బల్లపరుపు మట్టి మిద్దెలు. మన గోదావరి వైపు కుండపోతగా కురుస్తుంది, నీళ్ళు నిలవకూడదు, అందుకని పెంకులు ఏటవాలుగా దిగుతాయి. మండువా లోగిలి అయితే నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి వాననీరు నట్టింట్లో పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టిళ్ళు గుండ్రంగా ఉంటాయి, తాటాకు కప్పు కిటికీకంటే కిందకి దిగుతుంది. తుపాను గాలి పట్టుకోవడానికి దానికో మూలంటూ దొరకదు. నీ గుడిసె వీటిలో ఏదీ కాదు. పొగగొట్టం ఒక్కటి తక్కువైంది గానీ లేకపోతే ఇంగ్లండు ఇల్లే. అయినా ఇప్పుడు మన ఊళ్ళో ఎక్కువ కనిపించేవి డాబాలు. చిలకపచ్చ గోడలు, గులాబీ రంగు పిట్టగోడలు, మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. అవి నీకు అందంగా లేవా? కొబ్బరాకుల మధ్య ఆ గులాబీ రంగు ఎంత బాగా పలుకుతుందో ఒకసారి వేసి చూసి అప్పుడు చెప్పు.

నీ మెసేజిలో 'ప్రకృతి ఒడి' అని రాశావు. చిన్నా, మన ఊరి పచ్చదనంలో ప్రకృతిది ఎంతో మనిషి రెక్కలదీ అంతే. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆ తర్వాత కాలవలొచ్చాయి. తట్టలతో మట్టి మోసి వాటిని తవ్వినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అంతకుముందు ఇదే గోదావరి పక్కన ఇదే నేల కరువులు చూసింది. అందుకే నీ ఏరు నాకు మింగుడు పడలేదు. మన ఊరి నీళ్ళు తోచినట్టు మెలికలు తిరగవు. కాలవకి గట్టుంటుంది, లాకులుంటాయి, దిగడానికి రేవుంటుంది, దాటడానికి వంతెనుంటుంది. గట్టు తిన్నగా పోయి మలుపు తీసుకున్న చోట ఎందుకు తీసుకుందో ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే ఒక కథ చెబుతారు. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. అడుగున బురద పగుళ్ళు, ఎండిన గుర్రపుడెక్క, అందులో పిల్లల క్రికెట్టు. కాబట్టి ఎర్రగా పూసిన తురాయిచెట్టు కింద నిండు కాలవ వేశావనుకో, మా ఊరి రైతు నీ బొమ్మ ముందు నిలబడి నవ్వుతాడు.

గుర్రపుడెక్క అన్నాను కదా, అదీ వెయ్యి. కాలవకి అది పట్టిన పీడే, నీళ్ళు కదలనివ్వదు. అయినా పొద్దున్నే దాని లేత ఊదా పూలు గట్టు పొడుగునా విచ్చుకుంటే చూడకుండా ఎవరు నడుస్తారు?

కొబ్బరిచెట్టు ఒక్కటే నిలబడదు మన దగ్గర, తోటగా నిలబడుతుంది. నువ్వు గీసినట్టు నిట్టనిలువుగానూ ఉండదు. కాలవవైపు వరసలోవి నీళ్ళ మీదికి వాలి పెరుగుతాయి, వెలుగు అటే ఉంది కనుక. మానుమీద రాలిపోయిన మట్టల గుర్తులు కట్లు కట్లుగా ఉంటాయి. తాడి మాను అలా కాదు, నల్లగా గరుగ్గా ఉంటుంది, ఆకు విసనకర్ర. ఈ రెండిటికీ ఒకే మాను వేసే చిత్రకారుల్ని పెద్దపెద్దవాళ్ళలోనే చూశాను, పేర్లు చెప్పను. ఇంకోటి గమనించు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి కోనసీమలో లక్షల చెట్లు కూలిపోయాయి. చాలా తోటలు ఆ తర్వాత మళ్ళీ వేసినవే. ఒకే ఎత్తు చెట్ల నడుమ ఎక్కడో ఒకటి బాగా పైకి, నడుం వంగి కనబడితే, దాని వయసెంతో, అది ఏం తట్టుకుని నిలబడిందో ఆలోచించి మరీ గియ్. నువ్వు ఆలోచించావని గీతలో తెలుస్తుంది.

ఇక పూట సంగతి. జాన్ కాన్‌స్టబుల్ పేరు మీ సిలబస్సులో ఉండే ఉంటుంది. ఆయన వేసిన గడ్డిబండి బొమ్మ, ఇప్పుడు లండన్ నేషనల్ గేలరీలో ఉన్నది, దానికి ఆయన మొదట పెట్టిన పేరులోనే మధ్యాహ్నం అన్న మాటుంది. 1821లో ప్రదర్శించాడు. వెడల్పు నీ కాన్వాసంతే, ఆరడుగుల పైచిలుకు. అందులో ఉన్నది వాళ్ళ నాన్న మర దగ్గరి ఏరు, పొరుగు రైతు ఇల్లు. ఆయన చిన్నప్పట్నుంచీ చూసినవే. పెద్ద బొమ్మ లండన్‌లో కూర్చునే వేశాడు, కానీ దానికి ముందు ఆ ఏటి దగ్గరికి వెళ్ళి చిన్న చిన్న స్కెచ్చులు ఎన్నో వేసుకున్నాడు. 1824లో పారిస్‌లో ఆ బొమ్మకి బంగారు పతకం వచ్చింది. అన్నిటికంటే నాకు నచ్చింది ఆయన మేఘాల స్కెచ్చులు. వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టుకునేవాడు. నువ్వూ ఆ అలవాటు చేసుకో. 'కార్తీకం, పొద్దున ఏడున్నర, ఈశాన్యం గాలి' అని వెనక రాసుకుంటే, ఆర్నెల్ల తర్వాత హైదరాబాదు గదిలో ఆ కాగితం తిప్పి చూసినప్పుడు రంగు దానంతటదే గుర్తొస్తుంది.

నీ స్కెచ్చులో సూర్యుడు వెనకున్నాడు, గుడిసె నీడా వెనక్కే పడింది. ఇదెలా కుదిరిందిరా? సూర్యుడు వెనకుంటే నీడ మన మీదికి రావాలి. నీడలతో ఆడుకోకు, నెల చెప్పేసేవి అవే. మే మొదట్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళకిందకే చేరుతుంది. ఇప్పుడు కార్తీకంలో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, మనిషి నీడ ఎత్తులో సగానికి మించి ఉత్తరానికి పడుతుంది. అందుకే ఈ నెలలో మధ్యాహ్నం కూడా గోడలు, గట్లు, చెట్టుమానులు కళగా ఉంటాయి. బొమ్మలేసేవాడికి ఇంతకంటే మంచి నెల లేదు. తెల్లవారుజామున చేల మీద మంచు నిలబడి, ఎనిమిదయ్యేసరికి కరిగిపోతుంది. ఆ కాసేపట్లో పని కానిచ్చుకోవాలి. నీడలకి నల్లరంగు ముట్టుకోకు. నలుపు ట్యూబు హైదరాబాదులోనే వదిలేసి రా.

పచ్చరంగు దగ్గర అందరూ దెబ్బతింటారు. శాప్ గ్రీన్ ట్యూబులోంచి తీసి నేరుగా పూసేశావు, తోటా చేనూ గట్టుమీది గడ్డీ అన్నీ ఒకటే అయిపోయాయి. పచ్చ నువ్వే కలుపుకో. పసుపు ఒకటి, నీలం ఒకటి, అది మరీ అరుస్తుంటే ఎరుపు పిసరంత వేసి నోరు మూయించు. నారుమడి లేత పసుపుపచ్చ. నాట్లు వేసిన కొత్తలో పచ్చకంటే నీళ్ళూ ఆకాశమే ఎక్కువ కనిపిస్తాయి. పొట్ట మీదున్నప్పుడు చేను ముదురుగా, కాస్త నీలంగా ఉంటుంది. పాలుపోసుకుని గింజ గట్టిపడుతుంటే పైన పసుపు తిరుగుతుంది, కింద ఆకు ఇంకా పచ్చే. ఇప్పుడు మన చేలు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి. దూరం నుంచి బంగారం అనిపిస్తుంది గానీ ఎల్లో ఓకర్‌లో కొంచెం పచ్చ కలపకపోతే అది రాదు. చుట్టూ ఇంత పచ్చ వేశాక ఎక్కడో ఒక చిన్న ఎరుపు పెట్టు. కాన్‌స్టబుల్ ఆ గడ్డిబండి గుర్రాల జీనుకి ఎరుపు పెట్టాడు, ఊరికే పెట్టలేదు. నువ్వు దండెం మీద ఆరేసిన చీర పెట్టుకో.

నీళ్ళలో నీడబొమ్మ వేసేటప్పుడు పైన ముదురుగా ఉన్నది నీళ్ళలో ఒక పాలు లేతగా, లేతగా ఉన్నది ఒక పాలు ముదురుగా వస్తుంది. ఇది తెలియక చాలామంది పైదాన్నే తలకిందులుగా దించేస్తారు. నీటిరంగు ఆరితే వెలిసినట్టవుతుంది, ఎక్రిలిక్ ఆరితే ఒక పిసరు ముదురుతుంది. చిన్న స్కెచ్చులు నీటిరంగుల్లో వేసి పెద్దది ఎక్రిలిక్‌లో వేస్తానన్నావు కాబట్టి ఈ తేడా గుర్తుపెట్టుకో.

మనుషుల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. బిందె చంకనెట్టుకుని ఒళ్ళు విరుచుకుంటున్న ఆ ఆడమనిషి ఎవరు? నీళ్ళు ఇప్పుడు టిన్నుల్లో వస్తున్నాయి, స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చుకుంటున్నారు. పొలంలో ఆడవాళ్ళని చూడాలనుంటే కలుపు తీసేటప్పుడు చూడు. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు, నడుం నుంచి వంగిన వీపులు వరసగా, గట్టుమీద క్యారేజీలు. వాళ్ళు నీకోసం నిలబడరు. సిద్దిపేట కాపు రాజయ్య గారి బొమ్మల్లో మనుషులు చూడు, ఎవరి పనిలో వాళ్ళుంటారు, ఎవరి పండగలో వాళ్ళుంటారు. బ్రూగెల్ 1565లో వేసిన కోతల బొమ్మలో చెట్టుకింద కూర్చుని అన్నం తినేవాళ్ళున్నారు, ఒకడైతే కాళ్ళు బారజాపి నిద్రపోతున్నాడు. నాలుగొందల అరవై ఏళ్ళయినా వాడి ఒళ్ళునొప్పులు నాకు తెలుస్తున్నాయి. మన తోటల్లో కొబ్బరి దింపేవాళ్ళని, రాశి పక్కన కూర్చుని కాయలు వలిచేవాళ్ళని గియ్. డొక్కల గుట్ట ఎండకి ఏ రంగు తిరుగుతుందో అక్కడే కూర్చుని చూసుకో.

కరెంటు స్తంభాలు, డిష్షులు, రొయ్యల చెరువులో తిరిగే చక్రాలు వేయాలా వద్దా అని అడుగుతావు. నీ ఇష్టం. బొమ్మకి అడ్డమని చూసి తీసేస్తే అది నీ నిర్ణయం, అసలు చూడకుండా వదిలేస్తే అది కన్ను లేకపోవడం. పాలపిట్ట కనబడాలంటే ముందు తీగ కనబడాలి కదా, అది కూర్చునేది దానిమీదే.

ఇది మాత్రం మర్చిపోకు. ఊరు గీసేవాళ్ళందరూ గుడివైపు నిలబడే గీస్తారు. గాలిగోపురం, కోనేరు, పెద్ద లోగిళ్ళు, అయిపోయింది ఊరు. ఒకసారి పేట వైపునుంచి కూడా చూడు. అక్కడినుంచి చర్చి శిలువ ముందు కనిపిస్తుంది, గుడి గోపురం తోటల వెనక చిన్నదైపోతుంది, పొలాలు ఎదురుగా ఉంటాయి. ఆ పొలాల్లో వంగి పనిచేసేవాళ్ళు చాలామంది ఆ వైపునుంచే వస్తారు. ఊరంటే అటూ ఇటూ కలిపే. నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నది చూసేవాడికి తెలిసిపోతుంది. నీ తాత తరంలో ఆ వైపు వెళ్ళి బొమ్మ వేసినవాడు లేడు, నువ్వైనా వెళ్ళు.

వచ్చేటప్పుడు రాజమండ్రిలో దిగు. దామెర్ల రామారావు గేలరీ చూడకుండా ఇంటికి రాకు. 1897లో అక్కడే పుట్టాడు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ఆ చెయ్యి గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయిలో చదువుకున్నాడు. 1925లో మశూచికంతో పోయాడు, ఇరవయ్యెనిమిదేళ్ళు కూడా నిండలేదు. అన్నేళ్ళకే అంత పని చేశాడు. అడివి బాపిరాజు గారు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. ఆ గోడల ముందు ఫోను తీయకు, కాసేపు కూర్చో. తర్వాత నీ వయసు గురించి నాకు సాకులు చెప్పకు.

ఫోను ఫొటోలు వద్దని అనడం లేదు. పెంకు మీద పెంకు ఎలా కూర్చుందో, లాకుల చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లాంటి వాటికి ఫోను పనికొస్తుంది. కానీ అది దూరాన్ని ఇంకా దూరం తోసేస్తుంది, నీడల్ని గుడ్డిగా నల్లబరుస్తుంది. నువ్వు గట్టుమీద కూర్చుంటే దోమలు కుడతాయి, పిల్లలు మూగుతారు, ఎవరో ఒకాయన వచ్చి 'ఎవరి తాలూకు బాబూ?' అని అడుగుతాడు. సమాధానం చెప్పు. ఆయనే నీకు ఆ చెట్టు ఎవరు నాటారో చెబుతాడు.

సార్వా కోతలు దగ్గరపడ్డాయి. ఇదివరకులా రోజులు పట్టదు, మిషను దిగితే ఒక్క పూటలో చేను ఖాళీ అయిపోతుంది. మన కాలవ అవతలి రైతు ఈ వారమే కోయిస్తానన్నాడు, నీ సంగతి చెప్పి ఆదివారం దాకా ఆగమని అడిగాను, సరేనన్నాడు. శుక్రవారం రాత్రే బస్సెక్కు. పాత చొక్కాలు రెండు, మంచి కాగితం దొరికినంత తెచ్చుకో. కొండలు అక్కడే వదిలేసి రా.

మీ అత్తయ్య